వంకాయ రంగు వచ్చేదాకా

ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. నూకయ్య చేతులకు ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. బల్లకు బిగించిన పోత ఇనుప దిమ్మ మీద పగులు పొడుగునా నాగలి చాలు లాంటి గాడి తీశాడు. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ చిన్న బెజ్జాలు వేశాడు. ఇప్పుడు గాడి అంచుల్ని తెల్లగా మెరిసేదాకా రుద్దుతున్నాడు. కరెంటు గ్రైండరు చేతికందే దూరంలోనే ఉంది, దానితోనైతే చిటికెలో పని. కానీ గ్రైండరు పోత ఇనుములో ఉన్న మసిని పైకి లాగి అంతా పులిమేస్తుంది. మసి మీద అతుకు పోసే కంచు అంటుకోదు. అందుకని ఈ ఒక్క పనికి నూకయ్య గ్రైండరు ముట్టడు.

దిమ్మ జోగమ్మ పిండి మిల్లుది. రాయిని తిప్పే ఇరుసు, దాని బేరింగూ ఇందులోనే కూర్చుంటాయి. నిన్న సాయంత్రం టోటో రిక్షాలో వేసుకుని, చంటిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు ఒళ్లో పట్టుకుని తెచ్చింది. ఆ మిల్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త దిమ్మ దొరకదు. మాత పూజలు దగ్గరపడ్డాయి, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉన్న తెలుగువాళ్లందరి బియ్యమూ, మిరపకాయలూ, పసుపుకొమ్ములూ ఆమె గుమ్మంలోనే పడి ఉన్నాయి.

నూకయ్య గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తాత విజయనగరం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. తండ్రీ ఖలాసీయే. నూకయ్య వెల్డరయ్యాడు కాబట్టి ఆ వంశంలో అదే పదోన్నతి. రిటైరైన రోజున మెడలో దండ వేసి చేతికి గోడ గడియారం ఇచ్చారు. దండ ఆ రాత్రికే వాడింది, గడియారం ఆ వర్షాకాలానికి ఆగిపోయింది. సుభాష్‌పల్లిలో ఈ రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఆర్గాన్ వెల్డింగు మిషను ఒకటి కొనుక్కుని కూర్చున్నాడు. బక్క మనిషి. ముంజేతుల మీద చిన్నచిన్న తెల్లమచ్చలు, నిప్పురవ్వలు పడి మానినవి. బెంగాలీలతో బెంగాలీ, బిహారీలతో హిందీ, ఇంట్లో తాత తెచ్చిన తెలుగు మాట్లాడతాడు. ఏ భాషలోనైనా నాలుగు ముక్కలకు మించి మాట్లాడడు.

ఒక్క రంగు సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు.

పోత ఇనుము అతకడంలో కష్టమంతా వేడిదే. చల్లటి ఇనుము మీద మంట పెడితే టింగుమని పక్కనే ఇంకో పగులు వస్తుంది. దిమ్మంతా ముందు సమంగా కాగాలి. ఎంత కాగిందో తెలియడానికి నూకయ్య పగులు పక్కన బొటనవేలంత మేర రుద్ది తెల్లగా చేస్తాడు. బర్నరు కింద ఆ తెల్లమచ్చ మొదట ఎండుగడ్డి రంగుకు వస్తుంది, ఆ తర్వాత బెల్లం రంగు. బెల్లం అంచున వంకాయ రంగు పొడచూపగానే బర్నరు ఆపెయ్యాలి. ముందు ఆపితే పచ్చి, దాటితే నెమలి మెడ నీలం వచ్చేస్తుంది. వర్క్‌షాపులో ముసలి మేస్త్రీ ఒకడు చూపించాడు, అంతే. నూకయ్య ఆ రంగు పట్టుకుని జీవితమంతా బతికాడు.

చలికాలంలో రైల్వే ఆసుపత్రిలో ఎడమ కంటి శుక్లం తీశారు. కట్టు విప్పగానే లోకమంతా నీలిమందు పెట్టి ఉతికినట్టు కనిపించింది. గోడలు తెల్లగా, కూతురు మీనాకుమారి చీర మీద పూలు స్పష్టంగా, వాటి ఆకులతో సహా. సంతోషించాడు. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి దూరంగా పోతున్న గూడ్సు డబ్బాల మీద నెంబర్లు చదివి వినిపించాడు కూడా. షెడ్డుకు వచ్చాక ఒక నీళ్ల పంపు పని చేశాడు. వంకాయ రంగు రాగానే బర్నరు ఆపాడు, కంచు పోశాడు, బూడిదలో పెట్టాడు. తెల్లారి తీసి చూస్తే పంపు ఒంటి మీద వెంట్రుకంత పగులు, పోసిన కంచు పక్కనే.

ఎందుకు తప్పిందో తెలియక చాలా రోజులు కుమిలాడు. తర్వాత ఒకరోజు ఒక రేకుముక్క కాల్చి, ఒక్కో కన్నూ మూసి చూశాడు. కొత్త కంటికి వంకాయ రంగు ఎప్పుడో వచ్చేసింది. పాత కుడి కంటికి ఇంకా బెల్లమే. మేస్త్రీ చూపించిన రంగు ఆ మసక కంట్లోనే ఉందన్నమాట. శుక్లం నెమ్మదిగా పండుతూ ఉంటే, ఆయనా ఆ రంగును నెమ్మదిగా సరిదిద్దుకుంటూ వచ్చి ఉంటాడు. కొత్త కంటికి ఆ చదువు లేదు. అప్పటినుంచి వేడి చూసేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కుడి కంటి శుక్లం కూడా తీయించాలి. మరీ ముదిరిపోతే కన్నే పోతుందని డాక్టరు కోప్పడ్డాడు. ఒకసారి జలుబని, ఒకసారి బీపీ అని నూకయ్య తప్పించుకున్నాడు. రేపు పొద్దున్నకి ఆపరేషను మళ్లీ రాశారు. తీయించుకుంటే రంగు పోతుంది, రంగు పోతే ఈ షెడ్డులో తనకు పని లేదు. తీయించుకోకపోతే కన్ను పోతుంది. రాత్రంతా ఇదే లెక్క వేశాడు, ఎటు వేసినా ఒకటే వచ్చింది. పొద్దున్నే లేచి దిమ్మ దగ్గరకొచ్చాడు. ఇదొక్కటైనా ఈ కంటితో చేసి పోదామనుకున్నాడు.

మీనాకుమారి క్యారేజీ తీసుకుని వచ్చింది. ఐటీఐలో వెల్డింగు చదివిన పిల్ల. మొగుడు అమర్‌నాథ్ పాయింట్స్‌మన్, ట్రాఫిక్‌లో అతని క్వార్టర్లోనే అందరూ ఉంటారు. గేట్లు, గ్రిల్లులు, స్టీలు పనులు ఆమెవి, పోత ఇనుము నూకయ్యది. చీర కుచ్చిళ్లు దోపుకుని, పైన తండ్రి పాత ఖాకీ చొక్కా వేసుకుని, గ్యాసు బండ ఊపి చూసింది. ఆర్గాన్ వాల్వు తిప్పింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే సగం పని అవుతుంది.

ఇంతలో జోగమ్మా వచ్చింది. నల్లటి లావుపాటి మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ పిండి. ఎక్కడా కుదురుగా కూర్చోలేక, స్టూలు జరుపుకుని బల్లకు కుడివైపున చేరింది.

"అన్నయ్యా, ఇయ్యాల అయిపోద్దేటి?" అంది. "జనాలు సంచులు నా గుమ్మంలో పడేసి ఎలిపోనారు. ఇది అతక్కపోతే మిల్లు పీకించేసి కొట్టు అద్దెకిచ్చీమంటన్నాడు మావోడు."

"అతకడం ఇయ్యాలే," అన్నాడు నూకయ్య. "సల్లారడం దాని ఇష్టం."

బర్నరు వెలిగించాడు. మంటను ఒక్కచోట ఉంచకుండా దిమ్మ చుట్టూ తిప్పుతున్నాడు. పైన రేకులు అప్పటికే కాగుతున్నాయి. ఇనుము లోపలికి ఏళ్ల తరబడి ఇంకిన నూనె పొగగా పైకొచ్చింది, దానితోపాటు మిరప్పొడి ఘాటు. జోగమ్మ తుమ్మి, తన మిల్లును తానే తిట్టుకుంది. మీనాకుమారి ఎప్పుడూ తండ్రికి కుడివైపు వెనక, మసక కన్ను ఉన్న పక్క నిలబడుతుంది. ఇవాళ అక్కడ జోగమ్మ కూర్చోవడంతో ఎడమవైపుకు వచ్చింది.

నూకయ్య ఎడమ కన్ను మూసి, మసక కంటిని మచ్చ మీద పెట్టాడు. టీ డికాక్షన్లోంచి చూస్తున్నట్టుంది. గడ్డి రంగు వచ్చిందనిపించింది. తర్వాత బెల్లం. తర్వాత అంచున ఏదో నల్లబడింది. అదేనా? అదే అనుకున్నాడు.

"సాలు," అన్నాడు.

"ఇంకొంచెం ఉండనీ నాన్నా," అంది మీనాకుమారి. "బర్నరు ముక్కు సరిగ్గా మండటం నేదు."

సరేనని మంట తిప్పుతూనే ఉన్నాడు. నుదుటి మీద నుంచి చెమట జారి తెరిచి ఉన్న కంట్లో పడింది. చుర్రుమంది. ఆ కన్ను గట్టిగా మూసుకుని, తెలియకుండానే రెండోది తెరిచాడు. తెల్లటి వెలుతురులో దిమ్మ మొత్తం కనిపించింది, గాడి కనిపించింది, మచ్చ కనిపించింది. మచ్చ నడిబొడ్డున కందిగింజంత ఎర్రచుక్క కూడా కనిపించింది.

చుక్క వణుకుతోంది. నూకయ్య దాని వెంట చూపు తిప్పుకుంటూ వెళ్తే మీనాకుమారి చెయ్యి దొరికింది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసేవారే, అలాంటి పిస్తోలు ఉంది ఆ చేతిలో. దాని వెనక చిన్న అద్దంలో అంకెలు పెరుగుతున్నాయి. మీనాకుమారి అంకెలనే చూస్తోంది కాబట్టి తండ్రి చూడడం చూడలేదు. కాసేపటికి తలెత్తింది. "ఇప్పుడు సరిపోయింది," అనబోయి ఆగిపోయింది.

వేడెక్కిన ఇనుము ఎవరి కోసమూ ఆగదు. నూకయ్య బర్నరు ఆపి హెల్మెట్ దించుకున్నాడు.

హెల్మెట్ లోపల మాత్రం రెండు కళ్లూ ఒకటే. నల్లద్దంలోంచి లోకమంతా ఒకే పచ్చచీకటి, మధ్యలో మంట. అక్కడ రంగుతో పనిలేదు, మెరుపు చూస్తే చాలు. ఇనుమును కరగనివ్వకూడదు, కరిగితే ఆ చోటు గాజులా పెళుసైపోతుంది. మంట కొసను కంచు పుల్ల మీదే ఉంచి బొట్టు బొట్టుగా దించాలి. ఇనుము సిద్ధంగా ఉంటే, వేడన్నం మీద నెయ్యిలాగా కంచు తనంతట తానే పరుచుకుంటుంది. సిద్ధంగా లేకపోతే గోళీలా జారిపోతుంది. ఇవాళ పరుచుకుంది, ఇంత బాగా పరుచుకుని చాలా కాలమైంది. ఎందుకో ఆయనకిప్పుడు తెలుసు. రెండంగుళాలు పోసి ఆగి, చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి, మళ్లీ పోశాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. కోపంగా ఉన్నప్పుడు ఆయన చెయ్యి వణకదు.

పోస్తున్నంతసేపూ పాత మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి. ఇంకొంచెం కాయనీ నాన్నా. గ్యాసు అయిపోతన్నట్టుంది, ఆపెయ్ నాన్నా. గాలి కొడతంది, ఆ పక్క ఇంకోసారి తిప్పు నాన్నా. బర్నరు ముక్కు ఎన్నిసార్లు మూసుకుపోయిందో ఈ నెలల్లో! బర్నరుకు ఏ జబ్బూ లేదు. ఆయన మంచి కన్ను మూసుకున్న ప్రతిసారీ ఆ ఎర్రచుక్క అక్కడే, ఆయన ముక్కు కిందే ఉంది.

పని అయ్యాక ఇద్దరూ రెండు పట్టకార్లతో దిమ్మను ఎత్తి, ఊక బూడిద నింపిన డ్రమ్ములో దింపారు. పైన మళ్లీ జానెడు బూడిద పోసి, గోనె కప్పారు. చూడొచ్చా అని జోగమ్మ అడిగింది. రేపు మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టకూడదని నూకయ్య చెప్పాడు. గాలి తగిలితే ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే అవుతుందన్నాడు. జోగమ్మ డ్రమ్ముకు దణ్ణం పెట్టి వెళ్లింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. నూకయ్య బల్ల మీదున్న పిస్తోలు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బొమ్మలా తేలిగ్గా ఉంది. గోడకు గురిపెట్టి మీట నొక్కాడు, అంకె వచ్చింది. తన అరచేతికి పెట్టుకున్నాడు, ఇంకో అంకె వచ్చింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"పంపు పగిలిపోనాది కదా," అంది మీనాకుమారి. "అప్పట్నుంచి."

"నాను సెప్పింది ఎప్పుడైనా సరిపోయిందా?"

ఆమె క్యారేజీ మూత తీసింది. "కొన్నిసార్లు సరిపోయింది నాన్నా," అంది.

చిన్నప్పటినుంచీ ఆమెకు అబద్ధమాడడం రాదు. మెడ మీద ఎర్రమచ్చలు లేస్తాయి. కొత్త కంటికి అవి కూడా బాగా కనిపించాయి.

నూకయ్యకు సిగ్గేసింది. తప్పినందుకు కాదు, వయసొచ్చాక ఎవరికైనా తప్పుతుంది. చంటివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉత్త స్టీరింగు చేతికిచ్చి, నువ్వే నడుపుతున్నావురా అన్నట్టు తనను కూర్చోబెట్టిందే, అందుకు. రాత్రంతా ఏ కంటి కోసం నిద్ర మానుకున్నాడో, ఆ కంట్లో ఏమీ లేదు. బజారులో దొరికే ప్లాస్టిక్ ముక్క చాలు. ఆ రంగు ఉంటే తనున్నట్టు, పోతే తను లేనట్టు అనుకున్నాడు. అది పోయి ఎన్నాళ్లయిందో కూడా తెలియదు.

"రేపు పొద్దున్నే ఎల్దాం," అన్నాడు. "ఇంక ఈ కన్ను దాచుకోడం ఎందుకు."

మీనాకుమారి అన్నం పెట్టి, చెయ్యి కడుక్కునే నెపంతో బయట కుళాయి దగ్గరకు వెళ్లిపోయింది.

నూకయ్య కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ములక్కాడల పులుసు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ ఉప్పు దగ్గరే ఆయనకు భార్య హైమవతి గుర్తొచ్చింది.

పోయే ముందు ఏడాది హైమవతికి నాలుక రుచి పోయింది. ఒకరోజు కూరలో ఉప్పే ఉండేది కాదు, ఒకరోజు నోట పెట్టలేకపోయేవారు. వంట తన చేతిది కాదంటే ఊరుకునే మనిషి కాదు. ఆమె పెరట్లోకి వెళ్లిన సందు చూసి నూకయ్య గిన్నె మూత తీసేవాడు. తక్కువైతే చిటికెడు వేసేవాడు, ఎక్కువైతే ఇంత చింతపండు రసం పిండి, ఓ మరుగు రానిచ్చి మళ్లీ మూత పెట్టేవాడు. తర్వాత పీట వేసుకుని కూర్చుని, బాగుందనేవాడు. మీనా ఇంట్లో ఉన్నా కనిపెట్టలేదు. తన చేతి కొలత తప్పలేదనే నమ్మకంతోనే హైమవతి పోయింది. అది మోసమని నూకయ్యకు ఒక్కరోజు కూడా తోచలేదు. కాపురమంటే అంతేననుకున్నాడు.

ఇంకో ముద్ద కలిపాడు. కోపం ఎటు పోయిందో పోయింది. దిగులు మాత్రం ఉంది, అది పోయేది కాదు. కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. హైమవతి గిన్నె దగ్గర తను నిలబడినట్టే, ఈ పిల్ల తన పక్కన నిలబడింది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఈ సంగతి మీనాకు చెప్పాలి. మీ అమ్మ పులుసులో ఉప్పు నాను ఏసేవోణ్ణే అని చెప్పాలి, చెప్తే నవ్వుతుంది.

బయట కుళాయి శబ్దం ఇంకా వస్తోంది. అన్నం కాస్త వదిలేశాడు. ఎడమ భుజం లాగుతోంది, పొద్దున్నుంచి ఆకురాయి పట్టినందుకేమో. కాసేపు నడుం వాల్చి లేచాక చెప్దామనుకున్నాడు. ఇలాంటివి చెప్పడం ఆయనకు అలవాటు లేదు, ఎలా మొదలుపెట్టాలో ముందు అనుకోవాలి. చెక్కబల్ల మీద పడుకుని తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు.

మీనాకుమారి లోపలికి వచ్చి, పడుకున్నాడని చూసి, ఎంగిలి కంచం తీసింది. చెయ్యాల్సిన గ్రిల్లు ఒకటుంది గానీ సుత్తి శబ్దానికి లేస్తాడని మొదలుపెట్టలేదు. గడపలో కూర్చుని ఏం చెప్పాలా అని ఆలోచించింది. లేవగానే టీ తెచ్చిచ్చి, కోపమా నాన్నా అని అడిగేద్దామనుకుంది. వీధిలో టోటోలు పోతున్నాయి. ఎండ గడప దాటి ఆమె కాళ్ల మీదకు వచ్చాక లేచింది. ఒక ఈగ తువ్వాలు మీద వాలి, నోరుండేచోట తిరుగుతోంది. తువ్వాలు కదలడం లేదు.

తర్వాత అన్నీ త్వరత్వరగా జరిగిపోయాయి. పక్క కొట్టు బెంగాలీ దాదా ఆటో పిలిచాడు. ఆసుపత్రిలో చూసి, గుండె అన్నారు. క్వార్టరు ముందు టెంటు లేచింది. వర్క్‌షాపులో కలిసి పనిచేసిన ముసలివాళ్లు సైకిళ్లు గోడకు ఆనించి నిలబడ్డారు. నిద్రలో పోయాడు, పుణ్యాత్ముడు, ఎవరినీ కష్టపెట్టలేదు అన్నారు. అమర్‌నాథ్ డ్యూటీ నుంచి యూనిఫారంలోనే వచ్చి కొరివి పట్టాడు. పొద్దు వాలకముందే మగవాళ్లు తీసుకెళ్లిపోయారు. ఆడవాళ్లు వీధి చివరి వరకే వెళ్లి ఆగిపోయారు.

మీనాకుమారి ఏడవలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. ఇంక ఈ కన్ను దాచుకోడం ఎందుకు. ఆ మాట మనిషిలో పట్టు తెగిపోయిన మాటలాగే వినిపించింది ఆమెకు. తనే తెంపిందనుకుంది. ఎడమవైపు నిలబడకుండా ఉంటే, చుక్క కనిపించకుండా ఉంటే, ఇవాళ పొద్దున్న ఎలా ఉన్నాడో సాయంత్రమూ అలాగే ఉండేవాడనుకుంది. కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయనను అప్పుడే నలుగురు మోసుకుపోయారు.

చీకటి పడుతుండగా షెడ్డు తెరిచే ఉందని, ఆర్గాన్ వాల్వు కట్టలేదని గుర్తొచ్చింది. మైలలో ఎక్కడికని పెద్దవాళ్లు వారించారు. జోగమ్మ అడ్డం పడి, తను తోడెళ్తానని టోటో ఎక్కించింది. దారంతా ఆమె మీనాకుమారి చెయ్యి వదల్లేదు. మిల్లు మాట ఎత్తలేదు.

వాల్వు కట్టింది. మిషను స్విచ్చి తీసింది. షెడ్డులో ఇంకా నూనె పొగ వాసన, మిరప్పొడి ఘాటు ఉన్నాయి. వెళ్లిపోదామని తిరిగి, డ్రమ్ము దగ్గర ఆగిపోయింది. గోనె తీసింది.

"వద్దమ్మా," అంది జోగమ్మ. "ముట్టకూడదని మీ నాన్నే సెప్పినాడు. పోతే పోనీ, నా మిల్లు కోసం నువ్వు సూడక్కర్నేదు."

మీనాకుమారి వినలేదు. గాజులు పైకి తోసుకుని, మెత్తటి బూడిదలోకి చెయ్యి నెమ్మదిగా దించింది. ముంజేయి వరకూ వెళ్లాక వేళ్లకు వెచ్చదనం తగిలింది. ఇంకా లోపలికి, తాళలేనంత వేడి దగ్గరకు వెళ్లి ఆగింది. అప్పుడొచ్చింది ఏడుపు. జోగమ్మ వెనక నుంచి పట్టుకుంది. చాలాసేపటికి మీనాకుమారి చెయ్యి బయటకు తీసి, గాలి చొరకుండా బూడిద మళ్లీ సర్ది, గోనె కప్పి, అంచులు జాగ్రత్తగా లోపలికి దోపింది. ఇద్దరూ షట్టరు దించి వెళ్లిపోయారు.

చీకట్లో, డ్రమ్ము అడుగున, పొద్దున్న నూకయ్య కాచిన దిమ్మ ఇంకా వేడిగానే ఉంది.